అక్క గడప దాకా నడిపించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ధర్మవరంలో మగ్గం నేసుకొని బ్రతికే నరసింహులు అనే నేను, దేవుడు నా కాళ్లకు చేసిన మేలును కడుపులో దాచుకోలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను సాకింది మా రాజమ్మక్క. ప్రభువును గురించి నాకు మొదట చెప్పింది కూడా ఆమే. పెనుకొండలో కొండ వాలున ఆమె ఇల్లు, బండరాతి మెట్లెక్కి పోవాలి, ఆటో పోదు. రెండేళ్లపాటు నేను పది పన్నెండు మెట్లు ఎక్కేసరికి పిక్కలు బిగుసుకుపోయి, ప్రాణం పోయేంత నొప్పి పుట్టి అక్కడే కూలబడేవాణ్ణి! అక్కేమో మోకాళ్లు అరిగి కిందికి దిగలేకపోయేది. మోసుకుపోతామని ఇరుగుపొరుగు వాళ్లంటే ఒప్పుకోవడానికి మా ఇద్దరికీ రోషం. అందుకని నేను బస్సు దిగి కింద నిలబడేవాణ్ణి, ఆమె పైన గడపలో నిలబడేది, ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. చీర రంగు కనబడేది గానీ ముఖం ఆనేది కాదు. "ఏమబ్బీ, అన్నం తిన్యావా?" అని ఆ గొంతు చెవిలో పడితే, ఆమె చేతి ముద్ద కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుపోయేదో ఆ దేవునికే తెలుసు!

హిందూపురంలో డాక్టరు చూసి, కాళ్లకు పోయే రక్తనాళాలు ఇరుకైపోయాయని చెప్పి, మాత్రలు రాసి, బీడీ మానమన్నాడు. ఆ బీడీని ప్రభువు ఆ వారంలోనే మాన్పించాడు, దేవునికే మహిమ! తరువాత వ్యాయామం నేర్పే మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె నన్ను స్టూలు మీద నుంచి పదిసార్లు లేచి కూర్చోమంది, గోడ పట్టుకొని మడమలు పైకెత్తమంది. నాకు ఒళ్లు మండింది.

"ఏమ్మా, దినమంతా మగ్గం గుంటలో కూచొని తొక్కేటోణ్ణి, నా కాళ్లకు కసరత్తు నేర్పిస్తాండావా?" అన్నాను.

"తొక్కేది మీకు అలవాటైపోయుండాదన్నా, దాంట్లో బరువు లేదు. బరువు పడితేనే కండ రక్తం అడుగుతాది. రక్తం జోరుగా పారితే నాళం లోపలి పొర ఆ నాళాన్నే వదులు చేస్తాది. మూసుకుపోయిందంతా తెరుచుకోదు గానీ, ఉండే రక్తంతోనే కాలు ఇంకా దూరం పోతాది" అంది ఆమె నెమ్మదిగా.

నేను వినలేదు. ఇంటికొచ్చి మోకరించి, "ప్రభువా, నువ్వు ఒక్క మాటంటే చాలు గదా, ఈ స్టూలు నాకెందుకు?" అని ప్రార్థించాను. నెల గడిచింది, ఒక్క మెట్టు కూడా ఎక్కువ ఎక్కలేకపోయాను. అది విని ఫోన్లో అక్కకు కోపం వచ్చింది. "దేవుడు ఆ బిడ్డ నోటితో చెప్తే నీ చెవికెక్కలేదా? మోకరించినోడు లెయ్యాల గదరా!" అంది. ఆ దినం నేను వెక్కి వెక్కి ఏడ్చి, "తండ్రీ, నా గర్వం క్షమించు, నేను లేస్తాను, నువ్వు బలమియ్యి" అని వేడుకున్నాను.

ఊపిరి బిగబట్టకూడదు, లేచేటప్పుడు నోటితో పైకి లెక్కపెట్టాలి అని మేడమ్ చెప్పింది. నేను లెక్కకు బదులు లేచిన ప్రతిసారీ "స్తోత్రం!" అనేవాణ్ణి, మా ఇంటామె కుటుంబ ప్రార్థన మొదలైందనుకొని ముసుగు వేసుకొని వచ్చేసేది! కొన్ని వారాలకు మేడమ్‌నడిగి రెండు చేతుల్లో ఇసుక సంచులు పట్టుకొని లేచాను.

మూడు నెలలకు పెనుకొండ మెట్లెక్కాను. పన్నెండు దాటాయి. నొప్పి వచ్చింది, నిలబడ్డాను, తగ్గింది, మళ్లీ ఎక్కాను. గడప దగ్గరికి పోయి చూస్తే, సహోదరులారా, మా అక్క జుట్టంతా నెరిసిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె నా ముఖం రెండు చేతుల్లో పట్టుకొని, "నువ్వూ ముసిలోడివైపోతివే" అని ఏడ్చింది. ఆ పూట ముద్దలు కలిపి పెట్టింది, కడుపు నిండినా తిన్నాను.

మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను, డాక్టరుకు చూపించుకుంటున్నాను. నా ఆశ మాత్రం ఇంకా తీరలేదు. అక్క మందిరానికి వచ్చి ఎన్నేళ్లయిందో! మేడమ్ ఫోన్లోనే చూస్తూ ఆమెకు కూడా, మోకాళ్లకు తగ్గట్టు, చేతులు ఆనించుకొని కుర్చీలోంచి లేవడం నేర్పింది. నిన్న అక్క ఫోన్ చేసి, "నాలుగుసార్లు లేచినానబ్బీ!" అంది చిన్నపిల్లలాగా. దయచేసి ఆమె కోసం ప్రార్థించండి. నాలాగే కూలబడిపోయిన సహోదరుడా, సహోదరీ, ప్రభువును నమ్ము, ఆయన ఎవరి నోటితో లెమ్మని చెప్పినా రోషపడకుండా లే. మా అక్క ఆ మెట్లు దిగి ఆరాధనకు వచ్చే ఆదివారం, ఆమె చెయ్యి పట్టుకొని దింపేది నేనే కావాలి. ఆమేన్.