ఐరాలలో ఆపాతో మట్టి తొక్కిన రోజు

ఐరాలలో మా అక్క ముబీనా ఆపా ఇంట్లో వాడి వదిలిన నీళ్లు పక్కనే ఉన్న మునిరత్నమన్న బావి వైపు ఇంకుతున్నాయి. అన్న ఆపాతో మాటలు మానేశాడు. ఆ నీళ్లను వడకట్టేందుకు ఆపా పెరట్లో గుంట తవ్వి జమ్ము గడ్డి నాటింది. సేద్యం చేసే మా వాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది? చేనికి కలిపినట్టే ఎర్రమట్టిలో పశువుల పెంట దండిగా కలిపింది. జమ్ము ఏపుగా లేచింది కానీ మురుగంతా నేలలోకే దిగింది. గుంట ఖాళీ చేశానని, వచ్చి మట్టి ఎంచమని ఆపా నాకు ఫోన్ చేసింది.

తిరుపతిలో ఉదయం ఆరింటికి పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. చిత్తూరులో ఇడ్లీ తిని, కాణిపాకం మీదుగా ఐరాలకు ఆటో మాట్లాడుకున్నాను.

"మట్టి సూసేదానికి తిరుపతి నుంచి వచ్చినారా? మా ఊర్లో మట్టికేం కరువు?" అని డ్రైవరు నవ్వాడు.

"నీళ్లు నిలబెట్టే మట్టికే కరువన్నా" అన్నాను.

పంచాయతీలో ముందే అడిగి ఉంచడంతో ఆపా, నేను నేరుగా చెరువులోకి దిగాం. తడిమట్టిని తాడులా పేని గాజులా వంచి చూశాం. ఇసుక ఎక్కువైతే పగులుతుంది, బంక ఉంటే నిలుస్తుంది. మా అమ్మీ బతికుండగా గోడలకు మట్టి ఎంచేటప్పుడు ఇలాగే చూసేది. మూడోచోట గాజు పగల్లేదు. ఆపా దాన్ని అమ్మీలాగే నా చేతికి తొడగబోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ట్రాక్టరుతో తెచ్చిన ఆ మట్టిని గుంటలో పరిచి, నీళ్లు చల్లి, చిన్నప్పటిలాగే చేతులు పట్టుకుని తొక్కాం. మధ్యాహ్నానికి మోకాళ్లు మొరాయించాయి. గొర్రెల్ని తోలుకుపోతున్న మునిరత్నమన్న ఆగి చూశాడు.

"ఎంతసేపు తొక్కుతారుమ్మా ఇట్లా? పక్కకు రాండి, మందను దించుతా."

"పెంట పడుతుందన్నా. పోయినసారి దాంతోనే చెడింది" అంది ఆపా, భయంభయంగా.

"పడితే నేనే ఏరుకుంటా. నా చేనికి చేదా?"

గొర్రెలు గుండ్రంగా తిరిగి అడుగును బండలా చేశాయి. అన్న నిజంగానే గంపతో వెనకే తిరిగాడు.

తర్వాత ఆపా దానిపై గులకరాళ్లు, ఇసుకమట్టి వేసి జమ్ము నాటింది. ఇప్పుడు చుక్క కిందికి దిగడం లేదట. నాకు మాత్రం అమ్మీతో ఒక పూట గడిపి వచ్చినట్టే ఉంది. మీరూ ఇలాంటి గుంట కడితే ఒక్క మాట: తొక్కిన బంకమట్టిని ఎండనిస్తే నెర్రెలిస్తుంది, ఆ సాయంత్రమే నీళ్లు నింపండి. మాకు ఆ నీళ్లు మునిరత్నమన్న తన బావిలోంచే తోడి పోశాడు.