గాలయ్య గీకిన బొమ్మ

మెదక్ చర్చి రోడ్డులో పెళ్లికార్డుల దుకాణం నడిపే పరశురాంకు అరవై దాటాయి. తండ్రి గాలయ్య పేరెత్తితే చాలు, మాట మార్చేస్తాడు. తండ్రంటే లెక్కలేని మనిషని ఊళ్లో అనుకుంటారు. అనుకోనివ్వండి. అసలు సంగతి సిగ్గు.

గాలయ్యది రాతి ప్రెస్సు. నున్నటి రాతి పలక మీద జిడ్డు సిరాతో అక్షరాలు తిరగేసి రాసి, సినిమా కరపత్రాలు అచ్చేసేవాడు. పనయ్యాక ఇసుక, నీళ్లు పోసి ఇంకో రాయితో రుద్దితే పలక మళ్లీ కొత్తది. ఆ రుద్దే పని పరశురాంది.

మొన్న కాలేజీలో బొమ్మలు నేర్పే మహతి దుకాణానికొచ్చి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. వీపు ఇటు తిప్పి తల తుడుచుకుంటున్న ఆడమనిషి.

"నూటయాభై ఏండ్ల కింద ఫ్రాన్సుల చేసిన ప్రయోగం అంకుల్. రాయంత ముందే నల్లగ పూసి, అండ్లకెళ్లి తెలుపు గీకి తీసిండ్రు. మీ నాయన గిసుంటిది ఏమన్న చేసిండా?"

చేశాడు. ఫ్రాన్సు ఎటుందో తెలియని గాలయ్య, ఓ ఆదివారం రాయంతా సిరా పూసి, బ్లేడుతో గీకి, తల ఆరబోసుకుంటున్న భార్య బొమ్మ తీశాడు. వీపు, మెడ, తడి వెంట్రుకలు, అంతే. పనిమీద వచ్చినవాళ్లు అది చూసి ముసిముసిగా నవ్వారు. పదహారేళ్ల పరశురాంకు తల కొట్టేసినట్టయింది. తండ్రి అన్నానికి వెళ్లగానే ఇసుక పోశాడు. ఒక్క కాగితం మీదికైనా ఎక్కని బొమ్మ గంటలో మాయమైంది. తిరిగొచ్చిన గాలయ్య రాయిని తడిమి, "మంచిగ సాపు చేసినవ్ బిడ్డా" అన్నాడు. మళ్లీ బతికినన్నాళ్లూ బొమ్మల జోలికి పోలేదు. రెండు తన్ని ఉంటే పరశురాం ఈపాటికి మరిచిపోయేవాడు.

"లేదమ్మా, ఏం చెయ్యలే" అన్నాడు మహతితో.

వెనక కూర్చుని కార్డులకు దారాలు కడుతున్న తల్లి యాదలక్ష్మి తలెత్తింది. ఈమెకు ఏమీ తెలియదన్నదే ఇన్నేళ్లుగా పరశురాం ధైర్యం.

"చేసిండు బిడ్డా. నన్నే గీసిండు."

"ఆ రాయి ఉన్నదా అమ్మమ్మా?"

"కింద పడి పలిగింది. ఎవరి తప్పు లేదు."

మహతి వెళ్లిపోయింది. తన కోసం తల్లి ఈ వయసులో అబద్ధమాడింది. పరశురాంకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

"నీకు తెల్సా అమ్మా?"

ఆమె దారం ముడి బిగించింది.

"ఆ పొద్దు రుద్ది రుద్ది నీ చేతి ఏళ్లు ఒరుసుకపోయినయి. పసుపు పెట్టుమని చెప్పింది మీ నాయనే."