నీటి తలుపులు

కోడలు గడప దాటుతూనే కళ్లు నులుముకుంటుంది. పగలంతా మైక్రోస్కోపులో మూత్రపిండాల కణాలను చూసే పని ఆమెది. నీటిని ఒంట్లోకి తిరిగి రానివ్వడానికి ఆ కణాల అంచుకు కదిలే సన్నని దారులను ఆమె నీటి తలుపులంటుంది. అవి కదలక, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరని జబ్బు భర్తది. ఆమె పట్టుదల అందుకే. "ఏమ్మా, నీ నీటి తలుపులు ఇవాళైనా కదిలాయా?" అని అత్తగారు రోజూ ఎగతాళి చేస్తుంది.

నిన్న కోడలు చేతి సంచి కూడా దించకుండానే అందుకుంది. "తలుపులను పిలిచే హార్మోను పాడైంది, ఆ కణాలు పారేయమని ల్యాబులో పెద్దవాళ్లన్నారు అత్తయ్యా. నేను పారేయలేదు. రంగేసి చూశాను. హార్మోను పిలుస్తూనే ఉంది. కణాన్ని నిలబెట్టే వాసాలే సడలట్లేదు. అవి అడ్డుంటే తలుపులు అంచుదాకా ఎలా వస్తాయి?"

"మరి వాడి దాహం?"

"ఇప్పుడే తీరదు. అడ్డు ఎక్కడుందో తెలిసింది, అంతే."

అత్తగారు పెరట్లోకి వెళ్లి పక్కింటావిడను కేకేసి, లోపలున్న కోడలికి వినపడేలా అంది: "మా పిల్ల ఎవరో పారేయమంటే పారేసే రకం కాదు, వదినా!"