సంచి కింది అక్షరాలు

మధ్యాహ్నం ఒంటిగంటకు నా చెయ్యి ఇప్పటికీ ఫోన్ మీదికి పోతుంది. పక్క సీటు అమ్మాయి భోజనానికి రమ్మంటుంది. నువ్వు పద, వస్తానని చెప్పి ఆఫీసు మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడతాను. చెయ్యాల్సిన ఫోన్ ఏదీ లేదు. అయినా కాసేపు నిలబడి వస్తాను.

మాది ఉద్దానం. కొబ్బరి తోటలు, జీడి తోటలు, కిడ్నీ జబ్బు. మా ప్రాంతం గురించి ఎవరడిగినా ఈ మూడూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. ఆ జబ్బుతోనే మా నాన్న పోయాడు. తర్వాత మా అన్నకు వచ్చింది. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తిరగలేనన్నాడు అన్న. దాంతో డాక్టర్లు పొట్టలోకి సన్నటి గొట్టం అమర్చి, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ నేర్పించారు. రోజుకు నాలుగుసార్లు పొట్టలో ఉన్న నీళ్లు ఖాళీ సంచిలోకి దించెయ్యాలి, కొత్త సంచిలోని మందునీళ్లు ఎక్కించాలి. మా ఇంట్లో దాన్ని నీళ్లు మార్చడం అనేవాళ్లం.

వినడానికి సులువే. కానీ ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. మూతికి మాస్కు కట్టుకోవాలి. తలుపులూ కిటికీలూ మూసి ఫ్యాన్ ఆపాలి. ఎండాకాలం ఉక్కలో ఫ్యాన్ ఆపితే అన్నకు ఒళ్లు మండిపోయేది.

"ఒలే, జబ్బుతో కాదు, గాలాడక సచ్చీసినాగున్నాను" అనేవాడు.

"సావు గానీ ఫ్యాన్ ఎయ్యను" అనేదాన్ని. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

అంతా అయ్యాక చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. దించిన నీళ్ల సంచిని పేపర్ మీద పెట్టి చూడాలి. నీళ్లలోంచి అక్షరాలు చదవగలిగితే పర్వాలేదు. మసకగా ఉంటే లోపల చీము పడుతున్నట్టు. ఆ పూటే ఆస్పత్రికి పరిగెత్తాలి. మాకు నర్సు నేర్పిన పద్ధతి అది. మా వదినకు చదువు రాదు. పొద్దున్నే జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లి సాయంత్రానికి వస్తుంది. అందుకని పగలు నీళ్లు మార్చడం నా పని. కరోనా రోజుల నుంచీ నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. గోడకు ఇటు నా ల్యాప్‌టాప్, అటు కొక్కేనికి అన్న సంచి. మీటింగులో వాళ్లు మాట్లాడుతూ ఉంటే నేను మైకు ఆపేసి చేతులు కడుక్కునేదాన్ని. అన్నాళ్లలో నా పనిలో ఎవరూ వంక పెట్టలేదు, అన్న పొట్టలో ఒక్కసారీ చీము పట్టలేదు. ఈ రెండూ నా గొప్పే. చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా.

అలాంటి రోజుల్లో మెయిల్ వచ్చింది. వారానికి ఐదు రోజులూ అందరూ విశాఖపట్నం ఆఫీసుకు రావాలట.

డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి, నన్ను ఇంటి నుంచే చెయ్యనివ్వమని అర్జీ పెట్టుకున్నాను. మా మేనేజరు వీడియోలో మాట్లాడాడు. ఆయన ఉండేది బెంగళూరులో. వెనకాల పిల్లల సైకిలు కనిపిస్తోంది, అంటే ఆయనా ఇంట్లోనే ఉన్నాడు.

"మీ అన్నయ్యగారు అది సొంతంగా చేసుకోలేరా?" అని అడిగాడు.

"చేసుకోగలరు సార్, కానీ..." అన్నాను.

ఆ కానీ ఆయన చెవికి ఎక్కలేదు. ఫ్యాన్ సంగతి, సబ్బు సంగతి, అన్న తొందరపాటు సంగతి చెబుదామనుకునేలోపే టైమ్ అయిపోయింది. వారం తర్వాత జవాబు వచ్చింది. నా పరిస్థితి పట్ల వాళ్లకు పూర్తి సానుభూతి ఉందట. అయితే తోబుట్టువులు కుటుంబ సభ్యుల జాబితాలోకి రారట. అన్నను కుటుంబం కాదనడానికి వీళ్లెవరు? తిట్టుకుంటూనే బ్యాగు సర్దుకున్నాను. మా ఇంట్లో నెల జీతం ఉద్యోగం చేసిన మొదటిదాన్ని నేనే మరి.

మా టీమ్‌లో విశాఖలో కూర్చునేది నేనొక్కదాన్నే. ఇంట్లో కూర్చుని ఎవరితో మాట్లాడేదాన్నో, అక్కడా హెడ్‌సెట్ పెట్టుకుని వాళ్లతోనే మాట్లాడేదాన్ని. సోమవారం నుంచి శుక్రవారం దాకా హాస్టలు, శనాదివారాలు ఇల్లు. నేను లేని రోజుల్లో పగలు నీళ్లు అన్నే మార్చుకునేవాడు. అన్నది బటన్ ఫోన్, ఫొటో పంపడానికి వీల్లేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒంటిగంటకు నేను ఫోన్ చేస్తాను, అన్న సంచిని ఆ రోజు పేపర్ మీద పెట్టి ఒక ముక్క చదివి వినిపిస్తాడు.

రెండో వారంలో ఒకరోజు, "కొంచెం మసగ్గా ఉన్నాదే" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా సీట్లోంచి లేచి దొరికిన బస్సెక్కాను. తీరా వెళితే సంచి శుభ్రంగానే ఉంది, మసక అన్న కళ్లద్దాలకు. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు ఆఫీసు నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చింది. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం ఉండదని. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అన్న గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఇంకెప్పుడూ అలా పరిగెట్టుకుని వచ్చీకు. నాకేటి అవదు" అన్నాడు.

తర్వాతి సోమవారం ఒంటిగంటకు ఫోన్ చేశాను. అన్న చదివాడు. "రేపు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు విద్యుత్ సరఫరా నిలిపివేయబడును. అదీ రాసున్నాది."

"అయితే ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో" అన్నాను.

మంగళవారం మెట్ల మీద నిలబడి, ఒక చెవిలో మీటింగు, ఒక చెవిలో అన్న. "రేపు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు..." అని చదువుతున్నాడు. "సరే, ఛార్జింగ్ పెట్టుకో" అన్నాను. బుధవారం అన్న గొంతు నీరసంగా ఉంది. తిన్నావా అంటే తినీసినానన్నాడు. రేపు ఉదయం ఎనిమిది నుంచి అని చదివాడు. "సరే అన్నా, ఉంటాను" అన్నాను. ఎవరో స్క్రీన్ చూపించమంటున్నారు, వెనక్కి పరిగెత్తాను.

గురువారం వదిన ఫ్యాక్టరీకి వెళ్లలేదట, పదకొండింటికి ఫోన్ చేసింది. అన్నకు ఒళ్లు కాలిపోతోందని, పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడని, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తున్నానని చెప్పింది. చీము ఒళ్లంతా పాకింది. తొమ్మిదో రోజున అన్న పోయాడు.

దినవారాలయ్యాక ఆ గది సర్దాను. కొక్కెం కింద సోమవారం పేపర్ ఉంది, కరెంటు కోత వార్త పైకి వచ్చేలా మడిచి. దాని మీద తడి సంచి పెట్టిన మరక. మంగళ, బుధవారాల పేపర్లు కిటికీ ఊచల్లో దోపినవి దోపినట్టే ఉన్నాయి, విప్పలేదు. సోమవారం చదివింది నిజం. ఆ తర్వాత సంచిలోంచి అన్నకు అక్షరాలు కనబడలేదు. గుర్తున్న ముక్క అప్పజెప్పాడు.

వదిన గుమ్మంలో కూర్చుంది. "మంగళారం సాయంత్రం నేను మార్సినప్పుడు నీళ్లు గంజి నాగ ఉన్నాయమ్మా. ఇదేటని అడిగినాను. సెల్లెలికి సెప్పినాను, పర్నేదన్నాది అన్నాడు. నువ్వు సదువుకున్నదానివి గదా, నీకు తెలుస్తాది గదాని ఊరుకున్నాను" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. కంపెనీని తిట్టాను. సైకిలు వెనకాల పెట్టుకుని కూర్చున్న ఆ మనిషిని తిట్టాను. అబద్ధాలకోరని అన్ననూ తిట్టాను. వదిన, "ఏటి సదివీవోడమ్మా నీకు?" అని అడిగింది. పేపర్ చేతిలోకి తీసుకుని చదివాను. రేపు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు అని. సోమవారం, మంగళవారం, బుధవారం ఇదే చదివాడని చెప్పాను.

వదిన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"మూడ్రోజులూ రేపేనేటమ్మా?" అంది. "నువ్వేటి అడగనేదా?"

తప్పుపట్టడానికి అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. నేను మూడుసార్లు విన్నాను, ఆవిడ ఒక్కసారే వింది.