అంబాదాస్ పదకొండు ప్రశ్నలు

అంబాదాస్ గాదెవార్ చివరిగా చేసిన పని, ఎదురింటి రామకిషన్ పాస్‌పోర్టు తెరిచి, వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కపెట్టడం. గురువారం పొద్దున, పది కావస్తోంది. రామకిషన్ గడప దగ్గరే నిలబడి చెప్పులు కూడా విడవలేదు.

"ఏడు నెలల మీద పదకొండు దినాలున్నయి. ఫికర్ లేదు, పో" అన్నాడు అంబాదాస్.

"వీసా అచ్చింది, టికెట్ అచ్చింది. గిది గూడ చూడాల్నా కాకా?"

"ముందుగాల గిదే చూడాలె. దిగిన దినం నుంచి ఆరు నెలల గడువు లేకుంటె ఇమానమే ఎక్కనియ్యరు. గప్పుడు నీ వీసా చట్రంల కట్టి గోడకు పెట్టుకోవాలె."

రామకిషన్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అంబాదాస్ లోపలికి తిరిగి, "ఇగో, చాయ పెడ్తవా?" అన్నాడు. భార్య సుందరబాయి అల్లం దంచి చాయ పెట్టింది. కప్పు పట్టుకుని వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని, కళ్ళద్దాలు చేతిలో పెట్టుకుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుంది. లేపడం ఎందుకని చాయ మీద మూత పెట్టి, బియ్యం చెరుగుతూ కూర్చుంది. మూత తీసి చూసుకునేటప్పటికి చాయ చల్లారింది. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు.

పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది ఆమె ఎరగనివాళ్ళు. కిన్వట్ నుంచి, ఇస్లాపూర్ నుంచి, తెలంగాణ సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చారు. ఒక్కొక్కరూ ఒకే మాట చెప్పారు. "నా కాయితాలు కాకానే నింపిండు."

అంబాదాస్‌ది నాందేడ్‌లో విలాస్ జిరాక్స్ దుకాణంలో ఒక మూల. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫోటోలు తీయడానికి వెనక ఒక తెల్లగోడ. మొదట్లో కచేరీ బయట టైపు మిషన్ పెట్టుకుని అర్జీలు కొట్టేవాడు. సరిహద్దు ఊళ్ళ పిల్లలు దుబాయికీ మస్కటుకూ పోవడం మొదలయ్యాక ఈ పనిలోకి వచ్చాడు. పాస్‌పోర్టు ఫారాలు, వీసా ఫారాలు, ఫోటో కొలతలు, అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. ఫోటోకు కూర్చున్నవాడి మఫ్లరు తనే తీసి పక్కన పెట్టేవాడు. "చెవులు రెండు కనబడాలె. నవ్వద్దు. పెండ్లి చూపులకు కాదు, పోలీసులు చూస్తానికి" అనేవాడు. ఏజెంట్ల మాయలో పడి పని వీసాకు బదులు చూసిపోయే వీసా మీద బయల్దేరిన వాళ్ళను ఎంతమందిని వెనక్కి తిప్పి పంపాడో లెక్కలేదు. ఆయన మాత్రం హైదరాబాదు దాటి ఎటూ పోలేదు.

అటువంటి మనిషి ఇంట్లోనే, రెండేళ్ళ కిందట, వీసా అవసరం వచ్చింది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నేహ మస్కటులో ఉంటుంది. అల్లుడు ఉమేశ్ అక్కడ ఒక కంపెనీ గోదాములో పనిచేస్తాడు. పొద్దున పోతే రాత్రికి వస్తాడు. మొదటిసారి నేహకు అయిదో నెలలో కడుపు పోయినప్పుడు గదిలో ఒంటరిగానే ఉంది. తలుపు తీసి కేక వేయడానికి కూడా శక్తి లేకపోయిందని తర్వాత చెప్పింది. ఉమేశ్‌కు తల్లి లేదు. రెండోసారి నెలలు నిండుతున్నాయనగా నేహ ఫోను చేసింది.

"అమ్మా, ఈసారి నువ్వు నా తాన ఉండాలె. ఏం జేస్తరో నాకు తెల్వది, రండ్రి."

"ఇద్దరం వస్తం" అన్నాడు అంబాదాస్ వెంటనే. ఎప్పుడో సరదాకు తీసుకున్న తన పాస్‌పోర్టు ఒకటి బీరువాలో ఉంది. ట్రంకు పెట్టెల నుంచి బీరువా వరకు అన్నీ తిరగేసి దాన్ని పట్టుకొచ్చి గడువు చూసుకున్నాడు. నాలుగు నెలలే ఉంది. కొత్తది తీసుకుని, దాని మీద వీసా వచ్చేసరికి కాన్పు అయిపోతుంది.

సుందరబాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఊరందరి పాసుపోర్టులు చూసిండ్రు. మీది చూస్తానికి ఎవలూ దొరకలేదా?"

"నువ్వు ఒక్కదానివే పో" అన్నాడు ఆయన తల గోక్కుంటూ.

ఆమె నవ్వు అక్కడ ఆగింది. ఆమె ఇస్లాపూర్‌లో నాలుగో తరగతి దాకా మరాఠీ బడిలో చదివింది. పెళ్ళయ్యాక ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం కిన్వట్ రైలు.

ఆమెకు అప్పుడు నలభై ఏడేళ్ళు. పదో తరగతి లేదు కనుక, నేహ మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడే తీయించి పెట్టిన ఆమె పాస్‌పోర్టు చివరి పేజీలో ఇ.సి.ఆర్. అని, అంటే వలస తనిఖీ అవసరమని, అచ్చయింది. యాభై దాటి ఉంటే ఆ గొడవ ఉండేది కాదు. ఆ మూడు అక్షరాలు ఉన్న ఆడమనిషి చూసిపోయే వీసా మీద ఒంటరిగా గల్ఫుకు పోతుంటే, మన విమానాశ్రయంలోనే ఆపి అడుగుతారు. చుట్టపు చూపు అని చెప్పి ఇళ్ళల్లో పాచిపనికి తోలుకుపోయేవాళ్ళు ఉన్నారు మరి. జవాబుల్లో ఏ మాత్రం తడబాటు కనిపించినా అక్కడి నుంచే ఇంటికి పంపేస్తారు. ఈ సంగతి సుందరబాయికి ఆయన దాచకుండా చెప్పాడు. తిరిగి వచ్చే టికెట్టు, ఉమేశ్ పంపిన కాయితాలు, నేహ పాస్‌పోర్టులో తల్లి పేరు ఉన్న పేజీ, అన్నీ వరసగా ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టాడు. తర్వాత ఒక తెల్లకాయితం తీసుకుని, ఇన్నేళ్ళలో పోయివచ్చినవాళ్ళు చెప్పిన మాటలన్నీ గుర్తు చేసుకుని, అధికారులు అడిగే ప్రశ్నలు మరాఠీలో రాశాడు. పదకొండు అయ్యాయి.

ఆ పదిహేను రోజులు వాళ్ళింట్లో అన్నం దగ్గర కూర్చుంటే పరీక్షే. గరిటె ఆయన చేతిలో ఆఫీసరు వేసే ముద్ర అయ్యేది.

"ఎక్కడికి పోతున్నరు?"

"బిడ్డ తాన్కి."

"బిడ్డ తాన్కి అని ఏ దేశం లేదు. దేశం పేరు?"

"మస్కటు."

"అది ఊరు."

"ఒమాను. గింత గుస్స ఎందుకు, నేనేమన్న దొంగనా?"

"ఆఫీసర్లు గట్లనే అడుగుతరు. ఎన్ని దినాలుంటరు?"

"బాలింత లేసి తిరిగేదాంక."

"గట్లనద్దు. టికెట్ మీది తారీఖు చెప్పాలె. సరే, ఇంకోటి. అక్కడ వంటపని చేస్తానికి పోతున్నవా?"

"పోతున్న గద మరి. నేను వండకుంటె బాలింతకు ఎవలు వండుతరు?"

అంబాదాస్ గరిటె కింద పెట్టేశాడు. "ఆ ఒక్కమాట అన్నవంటె అక్కడ్నే కూసుండబెడ్తరు. మల్ల నిన్ను తోలుకస్తానికి నేను రావాలె."

"వండనని చెప్పాల్నా? అబద్ధం?"

"బిడ్డను చూస్తానికి పోతున్న అను. గది అబద్ధం కాదు గద."

లడ్డూల దగ్గర ఇంకో పేచీ. బాలింత కోసం తుమ్మబంక, ఎండుకొబ్బరి, ఖర్జూరం వేసి డింక లడ్డూలు రెండు డబ్బాలు చేసింది. వాటిలో ఖస్‌ఖస్ వేసిందని తెలియగానే ఆయన డబ్బాలు పట్టుకుపోయి విలాస్ ఇంట్లో ఇచ్చి వచ్చాడు. గసగసాలు గల్ఫు దేశాల్లో నిషిద్ధమని, పిడికెడు దొరికినా జైలేనని చెప్పాడు. "లడ్డూలకు గూడ వీసా కావాల్నా" అని గొణుక్కుంటూ ఆమె మళ్ళీ బంక వేయించింది.

పదిహేను రోజులకు పదకొండు జవాబులూ నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు తయారైంది. అయితే ఆ పదకొండులో ఒకటి తక్కువ ఉంది. అది లేదని ఆయనకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది.

హైదరాబాదు విమానాశ్రయంలో పొద్దున తొమ్మిదికి అద్దాల తలుపు దగ్గరే అంబాదాస్ ఆగిపోవాల్సి వచ్చింది. ప్లాస్టిక్ సంచి ఆమె చేతికిచ్చి, "భయపడకు. కాయితాలు అన్నీ సక్కగున్నయి" అన్నాడు. ఆమె లోపలికి పోతూ రెండుసార్లు తిరిగి చూసింది. ఆయన అద్దానికి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

కౌంటరులో కుర్రవాడైన అధికారి హిందీలో అడిగాడు. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఎన్ని రోజులు, అల్లుడేం చేస్తాడు. ఒక్కొక్కటే వస్తుంటే సుందరబాయికి ధైర్యం వచ్చింది. ఇంట్లో గరిటెతో అడిగినవే అన్నీ. అతను పాస్‌పోర్టు చివరి పేజీ చూస్తూ మామూలుగా, "పతి కా నామ్?" అన్నాడు.

ఆమె పాస్‌పోర్టు కేసి వేలు చూపించింది.

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె అనలేదు. రేషన్ దుకాణంలో "నేహ నాయిన" అంటే వాళ్ళే రాసుకునేవారు. మొగుడి పేరు నోట అంటే అతని ఆయుష్షు తరుగుతుందని తల్లి చెప్పింది. అది నమ్మిందా లేదా అని ఆమె ఎన్నడూ ఆలోచించుకోలేదు. నాలుక అంతకాలంగా ఆ దారిన పోలేదు, అంతే.

"అందుల్నే ఉంది సాబ్. చదువుకోండ్రి" అంది.

"నాకు తెలుసు. మీరు చెప్పండి."

ఆమె తల వంచుకుంది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. అధికారి పాస్‌పోర్టు ఒకసారి, ఆమె ముఖం ఒకసారి చూశాడు. మిగిలిన జవాబులన్నీ బట్టీ పట్టినట్టు చెప్పి, మొగుడి పేరు దగ్గర ఆగిపోయిన మనిషి ఎలా కనిపిస్తుందో అలాగే కనిపించింది ఆమె అతనికి. పాస్‌పోర్టు పక్కన పెట్టి, గోడ దగ్గర బెంచీ చూపించాడు.

బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చుంది. ఫోను వాడకూడదన్నారు. గడియారంలో విమానం వేళ దగ్గర పడుతోంది. తలుపు తీయలేక పడి ఉన్న నేహ గుర్తొచ్చింది. వచ్చే వారం మళ్ళీ ఆ గదిలో ఒంటరిగా.

ఒక పెద్దావిడ, అదే యూనిఫారంలో, వచ్చి పక్కన కూర్చుంది. తెలుగులో మాట్లాడింది.

"ఏందమ్మా, మీ ఆయన పేరు తెల్వదా, చెప్పవా?"

"తెలుసు."

"మరి?"

"మా దాంట్ల అనరు."

పెద్దావిడ ఆమె మెట్టెలకేసి చూసింది. "పెండ్లిల గడప కాడ ఆపి చెప్పిచ్చిండ్రా లేదా? ఊరికెనే కాదు, జోడిచ్చి చెప్తరు గద. గట్ల చెప్పు. మాది నిజామాబాద్, నేను గూడ చెప్పిన."

పెళ్ళిలో చెప్పినది ఎవరో నేర్పిన మరాఠీ జోడింపు, చివర మొగుడి పేరు కలిసే పాటలాంటి పాదం. సుందరబాయికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. వెండి పళ్ళెమో, తులసి కోటో ఏదో ఉండేది అందులో. చేతిలో ప్లాస్టిక్ సంచి కేసి చూసుకుంది. ఆయన ముఖం కళ్ళ ముందుకొచ్చి, భయం మధ్యలో ఎక్కడినుంచో కొంచెం కోపం కూడా వచ్చింది. లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, కౌంటరు ముందుకు పోయి, కుర్రవాడి ముఖం చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పింది.

"ఆరు నెలల గడువు సూసిండు, మల్లచ్చే టికెట్టు తీసిండు, అసలు ముచ్చట అడగ మరిసిండు... అంబాదాసు."

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరసలో తెలుగు తెలిసినవాళ్ళు గొల్లున నవ్వారు. కుర్రవాడికి చివరి మాట ఒక్కటే అర్థమైంది. పాస్‌పోర్టులో ఉన్న మాట అదే కాబట్టి ముద్ర వేశాడు.

మస్కటులో దిగాక ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నాందేడ్ నుంచి ఫోను వచ్చింది.

"ఏం అడిగిండ్రు?"

"అన్నీ మీరు చెప్పినయే అడిగిండ్రు" అంది సుందరబాయి.

"చూసినవా మరి" అన్నాడు ఆయన, గొంతులో గొప్ప సంతోషంతో.

తొమ్మిదో రోజు నేహకు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు మొదలైనప్పుడు తలుపు తీసింది, టాక్సీకి కేక వేసింది సుందరబాయే. వీసా ఉన్నన్నాళ్ళూ బాలింతకు వండింది, పాపకు నలుగు పెట్టింది, సాయంత్రాలు పాపను ఎత్తుకుని సముద్రం ఒడ్డున నడిచింది. విమానాశ్రయం ముచ్చట, దిగిన నాటి రాత్రే, నేహకు ఒక్కదానికే చెప్పింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. "నాయినకు చెప్పకు బిడ్డా" అని ఒట్టు వేయించుకుంది. పదిమంది మగవాళ్ళ ముందు ఆయన పేరు అనడం ఒక సిగ్గు, ఆయన మరిచిపోయాడని ఎత్తిపొడవడం ఇంకో సిగ్గు. తిరిగి వచ్చాక కూడా చెప్పలేదు. ఆయన అడగలేదు. తర్వాతి రెండేళ్ళూ వాళ్ళిద్దరికీ మంచిగానే గడిచాయి. పాప ఫోనులో "తాతా" అనడం నేర్చుకుంది.

ఆయన పోయిన తర్వాత ఒకటి రెండుసార్లు మాత్రం, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు, తల్లి మాట గుర్తొచ్చి ఆమె చెయ్యి ఆగింది. ఆ పేరు అనకపోయి ఉంటే అనిపించేది. పాప ఫోటో చూసి మళ్ళీ పనిలో పడేది.

నాలుగో నెలలో బల్ల, కుర్చీలు చూసుకుందామని విలాస్ దుకాణానికి పోయింది. విలాస్ కుర్చీ తుడిచి వేశాడు.

"బల్ల ఉండనియ్యండ్రి కాకూ. జనం ఇంకా వస్తున్నరు. కాకా కాయితమే జిరాక్స్ తీసి ఇస్తున్న."

ఒకటి ఆమె చేతికిచ్చాడు. అంబాదాస్ చేతిరాతే. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క ప్రశ్నా చదువుకుంటూ పోయింది. పదకొండు దగ్గర వేలు ఆగలేదు, కింద ఇంకొకటి ఉంది. పన్నెండు: పెనిమిటి పేరు. నోటితో చెప్పాలి.

"ఆడోళ్ళచ్చినప్పుడు కాకా అది అడగమని నాకు చెప్పి, చాయ తాగొస్త అని బయటికి పోయెటోడు" అన్నాడు విలాస్. "వాళ్ళు చెప్పుడు అయినంక పిలిస్తె లోపటికి అచ్చెటోడు."

"ఎప్పుడు రాసిండ్రు గిది?"

"మీరు ఇమానం ఎక్కిన మూడో దినమే రాసిండు కాకూ. నేహక్క ఫోన్ల చెప్పిందంట."