విమానం తోకకు కుట్టిన చెయ్యి

మొన్న ఆదివారం పొద్దున చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఇంజనీరింగు చదివే మా మనవరాలు సెల్లు తెచ్చి నా మొహం ముందు పెట్టి, "నానమ్మా, ముత్తాత పనిచేసిన ఫ్రెంచివాళ్ల బాంబుల విమానం ఇదేనా?" అంది. కళ్లజోడు సర్దుకుని చూశాను. ముక్కుకి అద్దాల గది, పొట్ట కింద కిటికీలు, రెక్కల కింద రెండు ఇంజన్లు, పెట్టెలు పేర్చి మేకులు కొట్టినట్టు నలుచదరపు ఒళ్లు. మా పిల్లకు అది ముద్దొచ్చిందట. నాకు ఒళ్లు మండింది. కళ్లతో ఎన్నడూ చూడకపోయినా ఇట్టే గుర్తుపట్టాను, ఎందుకంటే నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ మా ఇంట్లో రెండు పూటలా తిట్లు తిన్న ఒళ్లు అది.

నాది నందిగామ. అయిదో తరగతితో చదువు చాలించి జగ్గయ్యపేట కోడలినై వచ్చాను. మా మామగారు బజారులో పేరున్న టైలరు కాబట్టి, ఇక నా బిడ్డకు రవికలకు కరువేమిటని మా అమ్మ మురిసిపోయింది. తీరా వచ్చి చూద్దును గదా, మా అత్తగారు రవికగుడ్డ చంకన పెట్టుకుని, మొగుడి మిషను ముందు నుంచే బజారు దాటి, ఎదురుకొట్టు టైలరు దగ్గరికి నడిచిపోతోంది. ఆ ఎదురుకొట్టాయన మాకేమీ చుట్టం కాదు, మామగారికి బేరాల్లో పోటీదారు. అయినా ఆమెను అక్కా అనేవాడు. పదిమందీ వినేట్టు, "బావా, మా అక్క రవిక మళ్లీ నా దగ్గరికే వచ్చింది. నీకేం అభ్యంతరం లేదుగా?" అని కేకేసేవాడు. మామగారు తల ఎత్తకుండా, "కుట్టరా, కుట్టు. చంకలో పట్టేసిందంటే తిట్లు తినేది నువ్వే!" అనేవారు. బజారంతా నవ్వేది. అత్తగారు మాత్రం నవ్వేది కాదు.

ఆ కథ నాకు ఒక్కసారిగా ఎవరూ చెప్పలేదు. పప్పులు బాగుచేస్తూ ఆవిడ కొంతా, అన్నం తింటూ ఆయన కొంతా తిట్లలో కలిపి చెబితే, నేనే అతుకులు వేసుకున్నాను.

వాళ్లది అసలు యానాం. అప్పట్లో అది ఫ్రెంచివాళ్ల ఊరు గనుక అక్కడి కుర్రాళ్లు వాళ్ల కొలువుల కోసం ఓడెక్కి, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోనే ఉన్న వియత్నాంలో సైగాను పోయేవారు. పెళ్లయిన కొన్నాళ్లకే మామగారూ పోయారు. మిషను పని వచ్చని విమానాల షెడ్డులో పెట్టుకున్నారు. బావ ఉన్నాడు గదా, భయమేముందని అత్తగారే తన ఒక్కగానొక్క తమ్ముణ్ణి వెనకాలే పంపింది. అక్కడ వాళ్లిద్దరికీ తగులుకున్నది ఈ విమానం.

అది పుట్టడమే దురాశతో పుట్టిందనేవారు మామగారు. బాంబులు అదే వెయ్యాలి, పైనుంచి ఫొటోలు అదే తియ్యాలి, ఎదురొచ్చిన విమానాలతో యుద్ధమూ అదే చెయ్యాలి అనుకున్నారట అక్కడి దొరలు. "ఒక్క ఎద్దే అరక లాగాలి, గానుగ తిప్పాలి, పందెం గెలవాలంటే అయ్యే పనేనా?" అని ఆయన పళ్లెం ముందు చెయ్యి తిప్పేవారు. ఇక్కడో తుపాకీ, అక్కడో కిటికీ తగిలించుకుంటూ పోయారట. ఆఖరికి పొట్ట కిందికి దింపే తొట్టి ఒకటి పెట్టారట. పూడిక తియ్యడానికి మనిషిని బుట్టలో కూర్చోబెట్టి బావిలోకి దింపినట్టు, తుపాకీతో ఒక మనిషిని అందులో దింపేవారట. కొత్తలో దాన్ని ఆహా ఓహో అన్నారు, లెక్కకు మించి కట్టించారు. నాలుగేళ్లు తిరిగేసరికి పక్క దేశాల విమానాలు బాణాల్లా దూసుకుపోతుంటే, ఇది ఎనుబోతులా వెనకబడింది. దాంట్లో ఎక్కేవాళ్లే దాన్ని ఎగిరే శవపెట్టె అనేవారని మా మనవరాలు ఇప్పుడు చదివి చెప్పింది. ఇంటికి పనికిరాని కుండను పెరట్లో పారేసినట్టు, కొన్నిటిని దూరదేశాలకు తోలేశారు. అట్లా సైగాను చేరింది.

ఆ చెమ్మకు విమానం తోకకూ రెక్కల అంచులకూ ఉన్న గుడ్డ చివికిపోయేది. పాతది కోసి, కొత్తది సాగదీసి, లోపలి ఒక్కో బద్దకూ కుట్టి ముడివేసి, పైన కుళ్లిన అరటిపండు వాసనేసే వార్నీషు పూస్తే అది ఆరి డప్పులా బిగుసుకునేదట. అదీ మామగారి పని. తమ్ముడు మొదట ఇంజన్లు తుడిచేవాడు. పక్కనున్న సయాము వాళ్లతో, అదే ఇప్పటి థాయిలాండుతో, కొట్లాట వచ్చినప్పుడు మనుషులు చాలక అతన్ని తొట్టిలో కూర్చోబెట్టారు. సరిహద్దు అవతల బాంబులు వెయ్యడానికి పోయిన ఆ విమానం మళ్లీ రాలేదు.

మామగారు ఇల్లు చేరకముందే అక్కడే పనిచేసే పొరుగువాడొకడు యానాం వచ్చి, లేచేటప్పుడే దాని తోకగుడ్డ చిరిగి రెపరెపలాడిందని చెప్పి పోయాడు. చూసే చెప్పాడో, విని చెప్పాడో ఎవరికీ తెలియదు. తన కుట్టు ఊడలేదనీ, కాకి తరిమినా అందిపోయే మొద్దు విమానాన్ని సయాము వాళ్లు కొట్టేశారనీ మామగారు నెత్తీనోరూ బాదుకున్నారు. అత్తగారు ఒక్కటే మాట అంది: "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదంట."

యానాంలో తలెత్తుకోలేక, తెలిసిన బట్టల షావుకారు అరుగు చూపిస్తే జగ్గయ్యపేట చేరారు. అత్తగారు ఆయనకు వండింది, పెట్టింది, జ్వరమొస్తే కాళ్లు పట్టింది, పిల్లల్ని కన్నది. కానీ ఆయన కుట్టిన గుడ్డ మాత్రం ఒంటికి తగలనివ్వలేదు. తలగడ గలీబు కూడా. ఆయనేమో విమానాన్ని తిట్టకుండా ముద్ద ఎత్తేవారు కాదు. అది చెడ్డ విమానం కాకపోతే చెడ్డ చెయ్యి తనదవుతుంది మరి.

అట్లా తిట్టుకుంటూనే ఒక వానాకాలం ఆయన పోయారు. మన ఇళ్లలో ఆచారం మీకు తెలిసిందే. పదో రోజున ఆడమనిషికి పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. ఆమెకు పుట్టిల్లంటే ఆ తమ్ముడే. ఎవరు తెస్తారని ఆడవాళ్లు గుసగుసలు పోతుంటే, ఎదురుకొట్టాయన భార్యతో కలిసి పళ్లెం పట్టుకుని లోపలికొచ్చాడు.

"అక్కా, చీర నేను తెచ్చా. రవిక మాత్రం బావ కుట్టిందే. వేసంగిలో వచ్చి నీ ఆది రవిక అడిగి పట్టుకెళ్లాడు. నేను పోతే ఆమెకి చీర పెట్టే దిక్కులేదురా, నువ్వు పట్టుకెళ్లి ఇయ్యి అన్నాడు."

అత్తగారు రవిక తీసుకుని తిరగేసింది. కుట్టు వెంబడి బొటనవేలు నడిపింది. తర్వాత చంక దగ్గర రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఊడలేదు. మళ్లీ లాగింది.

"ఇప్పుడు కుట్టాడమ్మా గట్టిగా!" అంది. "ఆనాడు ఇట్లా కుట్టుంటే ఈ పళ్లెం మా తమ్ముడే తెచ్చేవాడు."

అని లోపలికి పోయి, ఆ రవికే తొడుక్కుని వచ్చి కూర్చుంది. ఆయన్ని తిట్టడం మాత్రం మానలేదు. ఆ రవికను ఇంకొకరిని ఉతకనిచ్చేది కాదు. ఉతికిన ప్రతిసారీ కుట్లు లాగి చూసేది. చివరికి గుడ్డ చివికింది గానీ కుట్టు ఊడలేదు. ఆ సంగతి ఆమెతో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు ఆ రెండు కొట్లూ లేవు. రెడీమేడు రవికలు ఎక్కడ కుట్టినవో తెలియదు, ఊడితే పారేస్తాం. టీవీలో ఏదో దేశం మీద బాంబులు పడుతుంటాయి, ఎవరు చేశారో, ఎవరు పంపారో తెలియదు, చూస్తూ అన్నం తినేస్తాం. కోపం పెట్టుకోవాలన్నా ఒక చెయ్యి తెలిసుండాలి గదా. తప్పో ఒప్పో, మా అత్తగారికి తెలుసు. ఆ చేతికి రోజూ తనే అన్నం వడ్డించింది.