ఎంగిలి చెయ్యలేదండీ

సీసా ఎత్తిపట్టి నీళ్లు తాగేవాళ్లను చూస్తే బర్ దుబాయ్ బస్సులో కలిసిన ఆవిడ ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పట్లో నేను పరిశోధన విద్యార్థినిని. నా ఒళ్లో కాగితం మీది మెలికల బొమ్మ చూసి, “ఏంటండీ ఇది, జడా?” అంది. గోదావరి జిల్లా మనిషి, ఇక్కడ ఇళ్లలో పని చేస్తుందట.

మన ఉమ్మిలో ఉండే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క అన్నాను. పూసల దండలా ఉండి, క్రిమిని తాకగానే ఇలా మెలి తిరిగి దాని పొర చీలుస్తుందని, ల్యాబులో దానికి నకలు చేస్తున్నామని చెప్పాను.

“అందుకేనేమోనండీ, దెబ్బ తగిలితే మా అమ్మ ఉమ్మి రాసేది,” అని మురిసిపోయింది.

దాహమంటే నా సీసా ఇచ్చాను. బస్సు కుదుపులకు మెడంతా తడుస్తున్నా ఎత్తిపట్టే తాగింది. చున్నీతో సీసా మూతి తుడిచి, “ఎంగిలి చెయ్యలేదండీ,” అంది.

ఉమ్మి గురించి అంత చెప్పిన నేను, నోరు పెట్టి తాగమని మాత్రం అనలేదు.